క్యాంపస్ ఉద్యోగం వదిలి సితార్ పట్టుకుంటానంటోంది మా అమ్మాయి. ఈ దారి ఎలా ఉంటుంది?

ఉప్పల్_నాన్న
మా పాపకి 22 ఏళ్లు. ఈ మే నెలలో బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, సెప్టెంబర్‌లో చేరాలి. పదకొండేళ్లుగా సితార్ నేర్చుకుంటోంది. ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉంటుందని మొదట నేనే చేర్పించాను. సంగీతంలో విశారద్ పరీక్ష కూడా పాసయింది. ఇప్పుడు ఉద్యోగం వద్దు, రెండు మూడేళ్లు కోల్‌కతాలో గురువు దగ్గర ఉండి నేర్చుకుంటాను, ఆ తర్వాత ఇదే నా పని అంటోంది. వాళ్లమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు కోపం లేదు, భయం ఉంది. నాకు సంగీతం తెలియదు. సితార్ అంటే రవిశంకర్ పేరొక్కటే తెలుసు. ఆయన కాకుండా మిగతావాళ్లు ఎలా బతుకుతున్నారు? నెల ఎలా గడుస్తుంది? ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఎక్కడుంటారు? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. పొగడ్తలు వద్దు, బెదరగొట్టడమూ వద్దు.

లెక్కల_మాస్టారు
ముందు ఉద్యోగంలో చేరమనండి. సితార్ ఎక్కడికీ పోదు.

కోడ్_కీరవాణి
మాస్టారూ, సరిగ్గా ఇదే మాట నాకు 2014లో చెప్పారు. సితార్ ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో బీరువా పక్కన గుడ్డ కప్పుకుని ఉంది. పోయింది నా చెయ్యి. గచ్చిబౌలిలో ఉద్యోగం, రానూపోనూ రెండున్నర గంటలు. మొదటి ఏడాది రోజూ గంట వాయించాను. రెండో ఏడాది శని, ఆదివారాలు. మూడో ఏడాది దసరాకి పూజలో పెట్టి తీశాను. ఎడమచేతి చూపుడువేలి మీద గాడి పూడిపోయింది. ఇప్పుడు పావుగంట మీండ్ లాగితే వేలు చిట్లుతుంది.

నిజాంపేట్_అమ్మ
గాడి అంటే ఏమిటండీ? మీండ్ అంటే?

తరబ్_తీగ
నేను మల్కాజ్‌గిరిలో సితార్ చెబుతాను, అందుకని నేనే చెబుతా. సితార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు వంపుగా, ఎత్తుగా ఉంటాయి. తీగని మెట్టు మీద నొక్కి పక్కకి లాగితే స్వరం పైకి జారుతుంది. అదే మీండ్. ఒకే మెట్టు మీద నిలబడి నాలుగు స్వరాల పైకి వెళ్లొచ్చు, చెయ్యి తిరిగినవాళ్లు ఐదు కూడా లాగుతారు. ఆ తీగ ఉక్కు తీగ, మందం మిల్లీమీటర్లో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని రోజూ గంటల తరబడి లాగితే చూపుడువేలికీ మధ్యవేలికీ కొసల్లో నల్లటి గీత పడుతుంది, బ్లేడుతో గీసినట్టు. మొదటి రెండేళ్లు అది పుండు. తర్వాత కాయ కాస్తుంది. ఆ కాయలో తీగ పట్టే గాడే మాకు ఆధార్ కార్డు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని చూసి "కూరలు తరిగేటప్పుడు తెగిందా అమ్మా" అని అడిగారు.

ఉప్పల్ అన్నయ్య గారూ, మీ ప్రశ్నకి జవాబు రాత్రి రాస్తాను. క్లాసులున్నాయి.

బొబ్బిలి_వీణ
నాదొక సందేహం. తెలుగింటి పిల్లకి సితార్ ఎందుకు? మన వీణ లేదా? బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. ఆ పిల్ల వీణ నేర్చుకుని ఉంటే కోల్‌కతా పోనక్కర్లేదు కదా, గురువులు ఇక్కడే ఉన్నారు.

రాంకోఠి_బ్యాచ్
అక్కా, హైదరాబాద్‌లో ఆ ప్రశ్న చెల్లదు. రాంకోఠిలో త్యాగరాజ సంగీత కళాశాలలో నేను చదివినప్పుడు ఒక గదిలో కర్ణాటక వర్ణం, పక్క గదిలో హిందుస్తానీ యమన్ రాగం వినబడేవి. పేరు త్యాగరాజ స్వామిది, క్లాసుల్లో సితార్ కూడా ఒకటి. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ చిన్నతనం ఈ ఊళ్లోనే గడిచింది. వాళ్ల నాన్నగారు మోతీరామ్ 1934లో ఇక్కడే పోయారు, సమాధి అంబర్‌పేటలో ఉంది. ఆయన పేరు మీద 1972 నుంచి మన ఊళ్లో ఏటా సంగీత సమారోహ్ జరుగుతూ వచ్చింది. ఈ ఊరికి రెండు చెవులూ ఉన్నాయి.

బొబ్బిలి_వీణ
రెండు చెవుల మాట ఒప్పుకుంటున్నా. నా బాధ వేరు. మా వీధిలో వీణ నేర్చుకునేవాళ్లు నలుగురుంటే ఇప్పుడు ఒక్కరూ లేరు.

చిక్కడపల్లి_శ్రోత
రవిశంకర్ గారి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. కీరవాణి, చారుకేశి లాంటి మన కర్ణాటక రాగాల్ని సితార్ మీద వాయించి ఉత్తరాదికి అలవాటు చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. కాబట్టి బొబ్బిలి అమ్మా, సితార్‌లోకి మన సరుకు చాలానే చేరింది.

కోడ్_కీరవాణి
నా పేరు అక్కడి నుంచే.

లెక్కల_మాస్టారు
అదే రవిశంకర్ గారు 1949 నుంచి 1956 దాకా ఢిల్లీ ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. ఏడేళ్లు నెలజీతం. భారతరత్న అందుకున్నాయనకే ఉద్యోగం అవసరమైంది. నేను సితార్ మానమనలేదు, అన్నానికి దారి చూసుకోమన్నాను.

చిక్కడపల్లి_శ్రోత
మాస్టారూ, మీరు చెప్పిన సంవత్సరాలు కరెక్టే. దానికి ముందు కథ వదిలేశారు. ఆయన పదేళ్ల పిల్లాడిగా అన్నగారు ఉదయ్ శంకర్ బృందంతో పారిస్ వెళ్లారు. యూరప్, అమెరికా తిరిగారు, మంచి బట్టలు, మంచి హోటళ్లు. అదంతా వదిలి 1938లో, పద్దెనిమిదేళ్లకి, మైహర్ అనే చిన్న ఊళ్లో గురువు అల్లావుద్దీన్ ఖాన్ ఇంటి పక్కన మంచం వేసుకున్నారు. 1944 దాకా అదే పని. ఆకాశవాణి దాని తర్వాత వచ్చింది. అక్కడ చేసిన ఉద్యోగం కూడా సంగీతమే, వాద్యబృందాన్ని నడిపారు. నేర్చుకునే ఏళ్లు ముందు, జీతం వెనక. మీరు వరస తిరగేస్తున్నారు.

ఇంకో సితార్ విద్వాంసుడు నిఖిల్ బెనర్జీ గారిని చూడండి. చిన్నప్పుడే రేడియోలో వాయించారు, బాలమేధావి అని పేరు. అయినా 1947లో మైహర్ వెళ్లి సరిగమల నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 1986లో 54 ఏళ్లకే పోయారు. ఆయన రికార్డింగులు ఇవాళ్టికీ రాత్రిపూట పెట్టుకుని వింటాను.

లెక్కల_మాస్టారు
మరి బుధాదిత్య ముఖర్జీ? మెటలర్జీ ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఇవాళ దేశంలో పెద్ద సితార్ పేర్లలో ఒకటి. చదువూ సితారూ రెండూ కుదిరాయి కదా.

చిక్కడపల్లి_శ్రోత
ఆయనకి తండ్రి బిమలేందు ముఖర్జీయే గురువు. భిలాయ్‌లో ఇంట్లోనే పాఠం. అన్నం తింటూ కూడా సితార్ గురించే మాట. కాలేజీ నుంచి ఇంటికొస్తే గురుకులమే. ఉప్పల్ పాపకి ఆ సౌకర్యం లేదు, అందుకే కోల్‌కతా అంటోంది.

ఉప్పల్_నాన్న
మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు. ఇవన్నీ మా పాపకి చదివి వినిపించాను. "మైహర్ గురించి నీకెవరు చెప్పారు" అంది. వారం తర్వాత నాతో అది మాట్లాడిన మొదటి మాట అదే.

తరబ్_తీగ
అన్నయ్య గారూ, ఇప్పుడు నా లెక్క మొత్తం మీ ముందు పెడతాను. మీరు అడిగింది బతుకు గురించి కదా.

నాకు 38. ఉదయం ఆరింటికి అమెరికా పిల్లల ఆన్‌లైన్ క్లాసు, ఎనిమిది దాకా. తర్వాత వంట, మా బాబు స్కూలు. పదకొండు నుంచి రెండు దాకా నా సొంత సాధన. ఆ మూడు గంటల్లో ఫోన్ ఎత్తను, చుట్టాలైనా సరే. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలు. మొత్తం 26 మంది శిష్యులు. ఇల్లు నడిచేది వాళ్ల ఫీజులతోనే. పోయినేడాది 11 కచేరీలు చేశాను. అందులో నాలుగింటికి శాలువా, జ్ఞాపిక, దారి ఖర్చులు ఇచ్చారు. మూడింటికి వచ్చిన డబ్బు తబలా ఆయనకీ, కారుకీ, చీర ఇస్త్రీకీ సరిపోయింది. మిగిలిన నాలుగింటికి చెప్పుకోదగ్గ డబ్బు వచ్చింది. ఒక కంపెనీ వార్షికోత్సవానికి వాయిస్తే తొమ్మిది నెలలకి చెక్కు ఇచ్చారు, అదీ ఆరుసార్లు ఫోన్ చేశాక.

అయినా కచేరీ మానకూడదు. కచేరీ చూసినవాళ్లే పిల్లల్ని పంపిస్తారు. వాయించని టీచర్ దగ్గరికి మెల్లగా పిల్లలు తగ్గిపోతారు, వాళ్లకి తెలిసిపోతుంది.

మొదటి ఆరేళ్లు చాలా కష్టం. 24 నుంచి 30 దాకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉన్నాను. అద్దె లేదు, అన్నం వాళ్లదే. అది లేకపోతే నిలబడేదాన్ని కాదు. మీరు ఆలోచించుకోవాల్సింది ఇదే అన్నయ్యా: ఆ ఆరేళ్లు ఇంట్లో ఉండనిస్తారా, రోజూ సంబంధాల మాట ఎత్తకుండా?

ఉప్పల్_నాన్న
చివరి వాక్యం మా ఆవిడ రెండుసార్లు చదివింది.

డాలస్_తమ్ముడు
తరబ్ అక్కా, మా వాడికీ ఇండియా టైం ఉదయం ఆరింటికే క్లాసు, వేరే టీచర్ దగ్గర. ఇక్కడ రాత్రి ఏడున్నర. వాడు సగం నిద్రలో అలంకారాలు వాయిస్తుంటే అక్కడ మేడమ్ గారి వెనక కోడి కూస్తూ ఉంటుంది.

తరబ్_తీగ
మా వెనక కూసేది కోడి కాదు తమ్ముడూ, పాలవాడు.

రాంకోఠి_బ్యాచ్
ఉప్పల్ సార్, కోల్‌కతా ఖర్చు గురించి. ఒకటి, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది. వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి, నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు. గురువు దగ్గర అయిదేళ్లకి తక్కువ కాకుండా నేర్చుకుని ఉండాలి. 5,000తో కోల్‌కతాలో బతకలేరు కానీ గది అద్దెలో కొంత తీరుతుంది. పాపకి 22 కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

రెండు, కోల్‌కతా టాలీగంజ్‌లో ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ ఉంది. అక్కడ ఎంపికైతే గురువుల దగ్గరే ఉండి నేర్చుకోవచ్చు. ఎక్కువమంది గాత్రం వాళ్లే, వాద్యాలవాళ్లనీ తీసుకుంటారు. ఎంపిక గట్టిగా ఉంటుంది.

మూడు, ఆకాశవాణి ఆడిషన్. బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడ్లు. ముందు బి వస్తే చాలు. ప్రోగ్రామ్‌కి ఇచ్చే డబ్బు పెద్దగా ఉండదు, కానీ ఆ గ్రేడు ఉంటే సభల వాళ్లు కాగితం పక్కన పెట్టకుండా చదువుతారు. కేంద్రీయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టులు కూడా పడుతుంటాయి. విశారద్ సర్టిఫికెట్ జాగ్రత్తగా లామినేట్ చేయించండి.

జవారీ_భాయ్
లామినేట్ చేయించొద్దు సార్, కొన్నిచోట్ల ఒరిజినల్ మీద స్టాంపు వేస్తారు. ఫోల్డర్‌లో పెట్టండి.

నేను పాతబస్తీలో సాజ్‌లు, అంటే వాద్యాలు, బాగుచేస్తాను. మా నాన్న కూడా ఇదే పని. పాప దగ్గర ఏ సితార్ ఉంది? ఎన్నేళ్లది? ఇక్కడ ఎవరూ ఆ మాట అడగలేదు. పదకొండేళ్ల కింద కొన్న స్టూడెంట్ సితారే ఇంకా వాయిస్తుంటే కోల్‌కతాలో ముందు దానికే ఏడవాల్సి వస్తుంది.

ఉప్పల్_నాన్న
కోఠిలో 14 వేలకి కొన్నాం. మొదటిదీ అదే, ఇప్పటిదీ అదే. మధ్యలో ఒకసారి పెద్దది కావాలంది, నేను వచ్చే ఏడాది చూద్దాం అన్నాను.

జవారీ_భాయ్
ఆ సితార్ మీద విశారద్ దాకా వచ్చిందంటే పిల్ల గట్టిది సార్.

చెబుతా వినండి. సితార్‌కి గొంతు జవారీలో ఉంటుంది. తీగలు ఆనే వెడల్పాటి గుర్రం అది. వెనకట జింక కొమ్ముతో చేసేవారు, ఇప్పుడు ఒంటె ఎముక, నల్లచేవ కర్ర, ఫైబర్. పైకి బల్లపరుపుగా కనబడుతుంది కానీ కంటికి తెలియనంత వాలు ఉంటుంది. తీగ ఆ వాలు మీద ఒరుసుకుంటూ కదిలినప్పుడే ఆ జుమ్మనే నాదం. రోజూ వాయిస్తే తీగ కింద గాడి పడుతుంది, నాదం మూగబోతుంది. అప్పుడు ఆకురాయితో, తర్వాత నున్నటి కాగితంతో రుద్దాలి. రెండు రుద్దులు రుద్దడం, తీగ పెట్టడం, ప్రతి మెట్టు మీదా మోగించి వినడం, మళ్లీ తీగ తీయడం. మంచి సితార్‌కి నాకు సగం రోజు పడుతుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే మొత్తం మళ్లీ మొదటికి.

మన ఊరి ఎండాకాలం ఇంకో తంటా. ఏప్రిల్లో గాలి ఎండిపోయి బిరడాలు జారతాయి, బుర్ర బీటలు వారుతుంది. జూలైలో చెమ్మకి బిరడాలు బిగుసుకుంటాయి. మెట్ల కింద ఉండే తరబ్ తీగలు 11 నుంచి 13 ఉంటాయి, అన్నీ శ్రుతి తప్పుతాయి. ఏసీ హాలులో ఇంకా ఘోరం.

కొనాలంటే మహారాష్ట్రలో మీరజ్‌కి వెళ్లండి. తరాలుగా అదే పని చేసే కుటుంబాలున్న ఊరు. 2024లో అక్కడి సితార్‌కీ తంబురాకీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాపని తీసుకెళ్లి వాయించి చూడనివ్వండి. ఫోటో చూసి కొనొద్దు.

బొబ్బిలి_వీణ
వీణకి మెట్లు మైనంలో పాతి ఉంటాయి, కదలవు. సితార్‌కి దారంతో కడతారు కదా, రాగాన్ని బట్టి జరుపుకుంటారట. నేను ఒకసారి చూసి ఆశ్చర్యపోయాను.

జవారీ_భాయ్
అవునమ్మా. కోమల్, అంటే తగ్గు స్వరం, కావాలంటే వేలితో మెట్టుని కాస్త బిరడాల వైపు జరుపుతారు. పందొమ్మిదో ఇరవయ్యో మెట్లు, అన్నీ దారం కట్టే.

డాలస్_తమ్ముడు
శ్రుతి అంటే గుర్తొచ్చింది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ గారూ సరోద్ వాయించే అలీ అక్బర్ ఖాన్ గారూ శ్రుతి చేసుకుంటుంటే, పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయింపు ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నా అన్నట్టు ఆయన నవ్వుతూ బదులిచ్చారు.

నిజాంపేట్_అమ్మ
మా బాబుకి ఎనిమిదేళ్లు. సితార్ వాడికంటే పొడుగుంది. ఇప్పుడే చేర్పించవచ్చా?

తరబ్_తీగ
చిన్న సైజువి దొరుకుతాయి. ఆ కూర్చునే తీరు అలవాటు కావాలి, ఎడమ పాదం మీద బుర్ర ఆనాలి, నడుము వంగకూడదు. ఈలోపు పాట నేర్పించండి. విలాయత్ ఖాన్ గారి సితార్ పాడినట్టే ఉంటుంది, దాన్నే గాయకీ అంగ్ అంటారు. ఆయనకి పాడటమంటే ప్రాణం. తల్లి మాట మీద సితార్‌లోనే ఉండిపోయారు.

చిక్కడపల్లి_శ్రోత
పిల్లవాడికి పదేళ్లప్పుడు 1938లో తండ్రి ఇనాయత్ ఖాన్ పోయారు. గొప్ప సితార్ వంశం ఆగిపోతుందని ఆ తల్లి భయం. ఆమె పుట్టిల్లు పాటగాళ్లది, అయినా కొడుకుని భర్త దారిలోనే నిలబెట్టింది. ఆయన పాటనంతా సితార్‌లోకి తెచ్చుకున్నారు. ప్రభుత్వం పద్మ పురస్కారాలు ఇస్తామంటే వద్దన్నారు కూడా. 2004లో పోయారు.

తరబ్ అమ్మాయితో ఒక మాట. పెళ్లి రిసెప్షన్లకి వాయించడం మాత్రం మన కళాకారులు మానుకోవాలి. అక్కడ ప్లేట్ల చప్పుడులో యమన్ వినబడదు. నేను ఒక పెళ్లిలో చూశాను, ఎవరో వచ్చి సితార్ బుర్ర పక్కనే కూల్‌డ్రింక్ గ్లాసు పెట్టి వెళ్లారు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

తరబ్_తీగ
సార్, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నా మంచి సితార్ రిసెప్షన్ డబ్బుతోనే కొన్నాను. రెండు పెళ్లి సీజన్లు, 19 రిసెప్షన్లు. శ్రావణంలో వరసగా నాలుగు రోజులు వాయించి వేళ్లకి టేపు చుట్టుకున్నాను. ఒక పెళ్లిలో, భోజనాల హడావుడి అయిపోయాక, వంటవాళ్లలో ఒక పెద్దాయన స్టేజీ కింద కూర్చుని "ఇందాక మొదట్లో వాయించారు, అది మళ్లీ వాయిస్తారా అమ్మా" అన్నారు. బాగేశ్రీ రాగం అది. ఆయన ఒక్కరి కోసం ఇరవై నిమిషాలు వాయించాను. రిసెప్షన్లు చెయ్యొద్దని నా శిష్యులకి నేను చెప్పను.

చిక్కడపల్లి_శ్రోత
ఆ పెద్దాయన గురించి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గ్లాసు పెట్టినవాణ్ణి మాత్రం క్షమించను.

కోడ్_కీరవాణి
సినిమా పని ఉండదా? పాత పాటల్లో సితార్ లేని పాటే ఉండదు.

చిక్కడపల్లి_శ్రోత
అప్పట్లో బొంబాయిలో రయీస్ ఖాన్, మద్రాసులో సితార్ జనార్దన్. స్టూడియోలో మనిషి కూర్చుని వాయించాల్సిందే. ఇప్పుడు కీబోర్డులో నొక్కితే సితార్ వస్తుంది. మీండ్ సరిగ్గా రాదు, వినేవాళ్లకి తెలుస్తుంది, కానీ పని అటే పోయింది.

లెక్కల_మాస్టారు
ఇంత చదివాక కూడా నా అభిప్రాయం మారలేదు, కానీ కొంచెం జరిగింది. 26 మంది శిష్యుల ఫీజు అంటే అదీ ఒక ఉద్యోగమే, పీఎఫ్ లేదంతే. ఉప్పల్ గారూ, ఆరోగ్య బీమా మాత్రం పాప పేరు మీద ఇప్పుడే తీసుకోండి. అందులో వాదన లేదు. తరబ్ మేడమ్, మీకుందా?

తరబ్_తీగ
ఉంది మాస్టారూ. 2019లో ఎడమ భుజం పట్టేసి నాలుగు నెలలు వాయించలేదు, అప్పుడు తీసుకున్నాను.

బొబ్బిలి_వీణ
నేను మొదట కటువుగా రాశాను. ఉప్పల్ అన్నయ్యా, పెళ్లయ్యాక వీణ అటక ఎక్కించినదాన్ని నేను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ కూర్చోమనీ అనలేదు. అన్నపూర్ణాదేవి గారి గురించి చదివినప్పుడల్లా గుండె పట్టేసినట్టు ఉంటుంది. అల్లావుద్దీన్ ఖాన్ గారి కూతురు, సితార్ లాంటి పెద్ద వాద్యం సుర్‌బహార్‌లో అంతటి మనిషి, బయట వాయించడం మానేసి నాలుగు గోడల మధ్య శిష్యులకి చెబుతూ ఉండిపోయారు. నిఖిల్ బెనర్జీ, వేణువు వాయించే హరిప్రసాద్ చౌరాసియా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. 2018లో పోయారు. మీ పాప రేపు పెళ్లి చేసుకున్నా వాయించుకునే గది ఒకటి ఉండేలా చూడండి.

ఉప్పల్_నాన్న
నాలుగు రోజులు రాయలేకపోయాను. ఇప్పుడు వివరంగా రాస్తా.

నేను బస్సు డిపోలో మెకానిక్‌ని, 26 ఏళ్ల సర్వీసు. మొన్న పొద్దున డ్యూటీకి సెలవు పెట్టి, నాలుగున్నరకి పాప గది బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను. దానికి చెప్పలేదు. పదకొండేళ్లలో ఎప్పుడూ మొత్తం వినలేదు. అటూ ఇటూ తిరుగుతూ చెవిన పడటమే.

అరగంట శ్రుతి చేసుకుంది. తర్వాత ఒకటే చిన్న ముక్క. రెండు మూడు స్వరాలు, అంతే. తీగ లాగడం, వదలడం. మళ్లీ లాగడం. గంట సేపు అదే. మొదట నాకు విసుగొచ్చింది. తర్వాత, ఇంజన్ ముందు నిలబడి టైమింగ్ కోసం వింటాం చూడండి, అలా వినడం మొదలుపెట్టాను. ప్రతిసారీ ఒకేలా ఉందనుకున్నది ఒకేలా లేదు. ఒకసారి కాస్త పైకి పోతోంది, ఒకసారి చేరక ముందే ఆగుతోంది. ఒక్కసారి మాత్రం సరిగ్గా కూర్చుంది. నాకు వినబడింది. సితార్ మొత్తం ఒక్కసారిగా మోగింది, కింద తీగలన్నీ కలిసి. లోపల పాపా ఆగిపోయింది. కాసేపు చప్పుడు లేదు.

తలుపు తీసి "ఇప్పుడు వచ్చింది కదా" అన్నాను. అది నా మొహం చూసి ఏడ్చేసింది. తోడి రాగమట, అందులో గాంధారమట, మామూలు కోమల్ కంటే ఇంకా కిందికి ఉండాలట. మూడు నెలలుగా దాని కోసమే కూర్చుంటోందట.

బొబ్బిలి_వీణ
కర్ణాటకంలో మా శుభపంతువరాళి రాగమే అది. ఆ గాంధారం ఎంత ఏడిపిస్తుందో నాకు తెలుసు.

జవారీ_భాయ్
సార్, కింద తీగలు మోగాయన్నారు చూడండి. మీటకుండానే మోగుతాయి. స్వరం వెంట్రుకవాసి తప్పినా మోగవు. మీ చెవి మంచిది.

కోడ్_కీరవాణి
ఇవాళ గుడ్డ తీశాను. తీగలు తుప్పు పట్టాయి. జవారీ భాయ్, శనివారం షాపు ఉంటుందా?

జవారీ_భాయ్
ఉంటుంది. నమాజు తర్వాత రండి. మీటడానికి వేలికి తొడిగే మిజ్రాబ్ కూడా తెచ్చుకోండి, వేలు కాస్త లావై ఉంటుంది, తీగ సాగదీసి సరిచేస్తాను.

ఉప్పల్_నాన్న
ఇంట్లో అనుకున్నది చెబుతాను. చేరే తేదీ జనవరికి జరపమని కంపెనీకి మెయిల్ పెట్టింది, సరేనన్నారు. ఈలోపు కోల్‌కతాలో మూడు నెలలు. స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడుతున్నాం. వాళ్లమ్మ ఒక షరతు పెట్టింది: మూడు నెలల తర్వాత ఆ గురువుగారితో తనే స్వయంగా మాట్లాడుతుందట. ఆయన ఇంకా ఉండమంటే జనవరి ఉద్యోగం సంగతి అప్పుడు చూస్తాం. కొత్త సితార్‌కి ఈ నెల నుంచి చిట్టీ కడుతున్నాను.

ఇప్పుడొక అవసరం. వచ్చే గురువారం సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వెళ్తున్నాం, నేనూ పాపా. స్లీపర్ టిక్కెట్లు. సితార్‌ని ఎక్కడ పెట్టాలి? దానికి గుడ్డ సంచి తప్ప పెట్టె లేదు.

తరబ్_తీగ
సీటు కింద వద్దే వద్దు. కాలు తగిలితే బుర్ర పోతుంది. ఒకసారి విమానంలో లగేజీలో వేస్తే నాది రెండు ముక్కలై వచ్చింది. పై బెర్తు పాపకి తీసుకోండి, గోడ వైపు పడుకోబెట్టి పాప ఇటువైపు పడుకోవాలి.

జవారీ_భాయ్
పైన చిన్న బుర్ర ఉంటే మర తిప్పి ఊడదీసి బట్టల్లో పెట్టండి. పైనున్న ముఖ్యమైన తీగలు, బాజ్ తీగ, జోడ్ తీగ, రెండు చుట్లు వదులు చేయండి, మరీ వదలొద్దు, గుర్రం పడిపోతుంది. మెడ కింద దుప్పటి మడత పెట్టండి.

చిక్కడపల్లి_శ్రోత
మా అబ్బాయి సితార్ ఫైబర్ పెట్టె మా ఇంట్లో ఖాళీగా ఉంది. వాడు బెంగళూరు వెళ్లాక ఎవరూ తియ్యలేదు. లోపల స్పాంజి బాగానే ఉంది, తాళం ఒకటి పనిచెయ్యదు. బుధవారం సాయంత్రం ఆరింటికి ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద ఇస్తాను. తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఉప్పల్_నాన్న
తాళం నేను బాగుచేసుకుంటాను సార్. ఆరింటికి ముందే వచ్చి ఉంటా.